చీకటి పడని జూన్

"చీకటి పడేలోగా ఇంటికి రా."
మా అమ్మ మాకు పెట్టిన షరతు అదొక్కటే.
కాని మేం పెరిగింది దక్షిణాన, తుర్కులో.
ఇక్కడ కెమియార్విలో జూన్ నెలకి చీకటి లేదు.
సూర్యుడు సరస్సు అంచుదాకా దిగి
నీళ్లు తాకకుండానే
ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి మళ్లుతాడు.
ఎల్యాస్‌కి పదమూడేళ్లు.
ఏ షరతు పెట్టను?

రొవానియెమిలో రోబోల శిబిరం అన్నారు,
పిల్లలు చాలక రద్దయింది.
వాపసొచ్చిన డబ్బుకి సైకిలు టైర్లు రెండొచ్చాయి.
నాకు వృద్ధుల వసతిగృహంలో రాత్రి డ్యూటీ.
పగలు నల్ల కర్టెను దించుకుని పడుకుంటాను.
ఇంట్లో మూడో మనిషి లేడు.

మొదటి వారమంతా వాడు హాల్లో నేలమీద
తడి తువ్వాలులా పడున్నాడు.
"తోచడం లేదమ్మా."
ఫ్రిజ్ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు,
ఈలోగా ఎవరో వచ్చి ఏదో పెట్టి వెళ్లినట్టు.
"ఏమీ తోచడం లేదు."
పుస్తకం, గిటారు, పెద్దత్త తోట
అన్నీ నా నాలుక చివరకి వచ్చి నిలబడ్డాయి.
కాఫీతోపాటు మింగేశాను.
నేను తోస్తే
వాడికి తోచినట్టు కాదుగా.

ఎనిమిదో రోజు బల్లమీద చీటీ:
"వెళ్తున్నా. ఆకలేస్తే వస్తా."
ఎక్కడికో లేదు. ఎవరితోనో లేదు.
ఆ పగలు నల్ల కర్టెను వెనక నేను నిద్రపోలేదు.

ఆ తర్వాత బట్టలుతికేటప్పుడు
జేబులే నాకు వార్తాపత్రిక.
తుప్పు బోల్టు. చేప పొలుసులు. తారు వాసన.
మూడు అగ్గిపుల్లలు, రెండు కాలినవి.
సానాదో మరెవరిదో ఒక తలపిన్ను.
"ఎక్కడికెళ్లారు?"
"ఎక్కడికీ లేదు."
"ఏం చేశారు?"
"ఏమీ లేదు."
ఆ ఏమీ లేనిదానికి
మోచేతినుంచి మణికట్టుదాకా ఒక గీత,
ఇంకా ఎర్రగా.

వసతిగృహంలో అవునె అనే ముసలామె,
తొంభై ఒకటి దాటింది,
రోజూ రాత్రి రెండింటికి నా చెయ్యి పట్టుకుంటుంది:
"పిల్లలు ఇంటికొచ్చారా?"
ఆమె పెద్దకొడుక్కే డెబ్బై.
"వస్తారు. ఇంకా చీకటి పడలేదు కదా," అంటాను.
కిటికీ వైపు చూసి, నిజమేనని, పడుకుంటుంది.
నేనే పడుకోలేను, డ్యూటీ కదా.

ఒక సాయంత్రం డ్యూటీకి వెళ్తూ చూశాను.
మూతపడిన మిల్లు వెనక
దుంగలు దించే పాత వేదిక.
విల్పు దూకాడు. సానా దూకింది.
వాడు మిగిలాడు.
కాలివేళ్లు అంచు దాటి ఉన్నాయి.
బర్చ్ చెట్ల చాటున సైకిలాపి
ఒక కాలు నేలమీద, బొటనవేలు బెల్లుమీద.
ఆ నీళ్లలో మునిగిపోయిన దుంగలున్నాయని నాకు తెలుసు.
వాడికి తెలుసో తెలీదో.
కింది నుంచి ఎవరో అరిచారు, ఎవరో నవ్వారు.
వాడి వీపు ఒక్కటే కనిపిస్తోంది,
భుజం ఎముకలు ఇంత పెద్దవెప్పుడయ్యాయి?

చాలాసేపు.

తర్వాత చతికిలబడి, వెనక్కి జరిగి,
ఇనుప నిచ్చెనమీద ఒక్కో మెట్టే
దిగి వచ్చాడు.
బెల్లు మోగలేదు.
ఆ రాత్రి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా సంతకం పెట్టాను.

"నిన్న ఏం చేశారు?"
"ఏమీ లేదు."
"సరే," అన్నాను, రొట్టె కోస్తూ.
మా ఇంట్లో ఇప్పుడొక రహస్యం ఉంది.
అది ఇద్దరిదనే సంగతి
ఒకరికే తెలుసు.

ఆగస్టు. బడి తెరవడానికి నాలుగు రోజులు.
నాకు సెలవు రాత్రి.
చాలా నెలల తర్వాత వంటింట్లో దీపం వేశాను.
పది. పదకొండు. పన్నెండుకి పావు తక్కువ.
తలుపు చప్పుడు.
బూట్లలో ఇసుక, జుట్టులో పొగ వాసన.
"చీకటి పడి ఎంతసేపయింది?"

"పడుతుంటే చూస్తూ కూర్చున్నాం.
మధ్యలో లేచి రాబుద్ధి కాలేదు,"
అని ఫ్రిజ్ తెరిచాడు.