వేలు తియ్యి

మా అమ్మ మైలపల్లి కొర్లమ్మకు
కవళ్ళు వేపడానికి నూనె పట్టేది కాదు.
పెనం కాలితే చాలు,
చేపే తన కొవ్వు తాను కరిగించుకుని
చిటచిటమంటూ అందులోనే వేగేది.
సోనపురం పేట మొత్తానికి తెలిసిపోయేది
ఇవాళ కొర్లమ్మ పెనిమిటి వల బరువుగా లేచిందని.

ఇప్పుడు సీసా వంచుతోంది.
వంచిన ప్రతిసారీ నావైపు చూస్తుంది,
నేనేదో దాచినట్టు.

బరంపురంలో ఒక ల్యాబులో గాజుసామాను కడుగుతాను.
మొదట కడగడమే. తర్వాత తూచనిచ్చారు.
చేపను ఎండబెట్టి, నూరి,
ఆ పొడి కాగితపు గొట్టంలో కూరి
ఆరేడు గంటలు ఈథరుతో కడిగితే
కొవ్వంతా బుడ్డి అడుగుకు దిగుతుంది.
పచ్చగా, అమ్మ పెనంలో లాగే.
వాసన మాత్రం వేరు.
అక్కడ చేపకి పేరు లేదు. నమూనా పద్నాలుగు.
మూడేళ్ళ కింద అడుగున గాజు కనిపించేది కాదు.
ఈ యేడు బుడ్డి ఊరికే చెమర్చింది.

అమ్మకి త్రాసు అక్కర్లేదు.
"సేప తేలికైపోనాది," అంటుంది అరచేతిలో ఊపి,
"ఎండితే ముల్లే మిగుల్తంది."
సుకువా కొనే షావుకారు
గోనెలో చెయ్యి పెట్టి, వేళ్ళు రుద్దుకుని,
"తేలొ నాహీ" అని సగం ధర కట్టి పోతాడు.
పోతూ పోతూ, నోలియాలు పాతసరుకు కలుపుతారని ఒక మాట.
సముద్రంలో ఎవరేం కలిపారో
తిరిగి అడిగేంత ఒడియా అమ్మకి వచ్చు.
అడగదు. వచ్చేవారం మళ్ళీ ఆయనే రావాలి.

బాహుదా మొగ దగ్గర నీళ్ళు
రొయ్యల చెరువులు విడిచిన రోజు ఒక రంగు,
ఊళ్ళ కాలవలు కలిసిన రోజు ఒక రంగు.
ఇంకా పైన ఎవరో రాత్రిపూట ఏదో వదిలితే
రంగే ఉండదు. దానికే నాకు భయం.
నాచు తాగుతుంది దాన్ని, నాచుని పురుగు,
పురుగుని కవళ్ళు, కవళ్ళని సొర.
ఎవరి ఎంగిలి ఎవరు తింటున్నారో వరస చెబితే
అమ్మ అంది:
"మరి బంతిలో ఆకర్న కూకున్నది మనవే గదే."

మొన్న వదిన నీళ్ళాడింది. ఆడపిల్ల.
పాలు పడలేదు.
అమ్మ ఎక్కడో వెతికి పాలసొర తెచ్చింది.
పసుపునీళ్ళలో ఉడకేసి, తోలు ఒలిచి,
మిరియం వెల్లుల్లి దంచి పిట్టు చేస్తోంది.
నన్ను కన్నప్పుడు తనకీ అదే పెట్టారట.
నా సంచిలో కాగితం ఉంది.
"సదువు," అంది. "మన సొరదేనా?"
మన మొగదే అన్నాను.

మాంసకృత్తులు ఇంత. కొవ్వు ఇంత.
పోయినేటి కన్నా తక్కువే, అయినా ఉంది అన్నాను.
కింద ఇంకో వరస ఉంది, పాదరసం అని.
దాని మీద నా బొటనవేలు ఉంది.

అమ్మకి అక్షరం రాదు.
గాలం ముల్లు చేప గొంతులో ఎక్కడ దిగిందో
చీకట్లో తడిమి చెప్పగలదు.
పిట్టు కలుపుతున్న చెయ్యి ఆగింది.
లోపల పసిది ఏడుస్తోంది,
ఆగి, మళ్ళీ.

"వేలు తియ్యి," అంది.