తవుడు మీద రెండు గుంటలు

లారీలు తూచుడు నా పని.
మిర్యాలగూడల, రైసుమిల్లు వేబ్రిడ్జి కాడ,
నిండు బండి ఎంత, వట్టి బండి ఎంత,
తీసేస్తే వడ్లెన్ని, చీటీ రాసిస్త.
పదకొండేండ్ల నుంచి కూసుంటున్న కుర్చీ
నాకంటె ముందటి గుమాస్తా పెంటారెడ్డి ఒంటి వంకల్నే
ఇంకా యాదిపెట్టుకున్నది.
నేనే సర్దుకున్న.

రోడ్డు సైకిలు కొన్నది నలభై మూడో ఏట.
సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లెక్క వంగిన హ్యాండిలు,
హైదరాబాద్ పిలగాడెవరో తొక్కి వదిలేసింది.
"ఈ వయసుల సర్కసేంది ఆండాలూ" అన్నోళ్ళకు
జవాబు చెప్పే తీరిక లేదు,
ఆరింటికల్లా దామరచర్ల దాటాలె నేను.

దాటిన గని,
కత్తిపీట మీద కూసుని దాటిన.
చెప్పరాని కాడ నొచ్చింది.
మోకాలంటే చెప్తం, నడుమంటే నలుగురికి చెప్తం,
ఆ తావుకు మాత్రం మన భాషల పేరు లేదు,
ఉన్నా అది తిట్టే.

మెత్తటిదైతే సుఖమనుకున్న. ఎవరైనా అదే అనుకుంటరు.
ఏడు వందలు పెట్టి జెల్లు తొడుగు కొన్న.
అద్దంకి రోడ్డు ఎక్కేదాకా దూదిపరుపు,
ఆడికెళ్ళి అసలు కథ:
మెత్తటిది కుంగుతది,
కుంగినకొద్దీ నడిమిట్ల మిట్టై పైకొస్తది,
ఎముక మొయ్యాల్సిన బరువును
మొయ్యరాని కండకు అప్పజెప్తది.
మెత్తగ మాట్లాడేటోళ్ళ సంగతి తెలిసి కూడ
సీటు కాడ మోసపోయిన.

ఆ తర్వాత పాలోళ్ళ బండిది, స్ప్రింగులది, అరుగంత.
తొడలు ఒరుసుకపోయి
రెండ్రోజులు కొబ్బరినూనె రాసుకుని లారీలు తూచిన.

జానిమియా షాపుల నిలబడి
"సీటు… జెర…" అని ఆగిపోయిన.
ఆయన చెయిన్ దిక్కు చూసుడు మొదలుపెట్టిండు.
ట్యూబుకు గరుకుకాయితం రుద్దుతున్న మదార్‌బీ లేచి
మొగన్ని చాయ్‌కి పంపి
షట్టరు సగం దించింది.
మూలకు బర్రె కోసం తెచ్చిన తవుడు, మా మిల్లుదే.
పీట మీద పోసి, నీళ్ళు చిలకరించి,
అరచేత్తో చదును చేసి, పైన కాయితం పరిచి,
"కూసో" అన్నది.
"హ్యాండిలు పట్టినట్టు ముందటికి వంగు. ఒర్రకు, ఎవరూ రారు."

లేచి చూస్తే
చింతగింజలు తీసేసిన ఓమనగుంటల పీటల్లెక్క
రెండు గుంటలు.
అవి నేనట.

విరిగిన స్పోకు పెట్టి కొలిచింది,
గుంట నడుమ నుంచి గుంట నడుమకు.
నూట ముప్పై రెండు మిల్లీమీటర్లు.
"నీ ఎముకలు ఎడంగున్నయి బిడ్డా.
ఈ సీటు సన్నపాటి మగోనిది.
నీ తప్పేం లేదు."
దినాం వందల టన్నులు తూచే దాన్ని,
నన్ను కొలిచింది మాత్రం ఈమెనే.

తెప్పించిన సీటు గట్టిది.
వెనక వెడల్పు, నడుమ చీలిక, పొట్టి ముక్కు, మీద కుట్టు లేదు.
తాపీమేస్త్రీ రసమట్టం అడుక్కొచ్చి
బుడగ నడిమికొచ్చేదాకా తిప్పిండు జానిమియా.
"ముక్కు దించితే బరువంతా చేతుల మీదికొస్తది,
లేపితే నీకే తెలుస్తది" అని నవ్వకుంట చెప్పిండు.
పది రోజులు తొక్కి చూడు, కుదరకపోతే వాపస్ తే.

మొదటి మూడు రోజులు నొప్పి పోలేదు,
కాకుంటె ఇప్పుడు దానికి చిరునామా ఉన్నది:
రెండు గుంటలు, సరిగ్గ ఆడ్నే.

తొమ్మిదో నాడు వాడపల్లి వంతెన మీద,
మూసి వచ్చి కృష్ణల కలిసే కాడ,
నీళ్ళ రంగు ఏడ మారుతుందో చూస్తున్న,
చేపలోళ్ళ పుట్టి ఒకటి గిర్రున తిరుగుతున్నది.
సీటు యాదికే రాలేదు.
రాలేదన్న సంగతి దామరచర్లల గుర్తొచ్చి
రోడ్డు పక్కకు ఆగి నవ్విన.

సోమవారం ఓనరును కొత్త కుర్చీ అడిగిన.
చూద్దామన్నడు.

మొన్న పంచరుకు పోయినప్పుడు
ఆ తవుడేమైందని మదార్‌బీని అడిగిన.
దాచిపెడతరా ఏంది?
ఆ పొద్దుమూకే కుడితిల కలిపి పోసిందట.
బర్రె బాగనే తిన్నది,
పాలు ఎప్పటంతే ఇచ్చింది.