వాడుకలో ఉన్నడు

జుబైల్‌ల, జులై నెలల
స్వెటర్ తొడుక్కొని పనికి పోయేది నేనొక్కన్నే.
రాత్రి పదింటికి గూడ బయట రేకు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటది.
లోపల మిషన్లకు చలి కావాలె.

చాయ్ పోసే పని మీద వచ్చిన.
ఇద్రీస్, సుడాన్ ఆయన, ఒకనాడు గ్లాసు అందుకుంట అన్నడు:
"రెండక్షరాలు కొట్టు. ఎల్, ఎస్."
కొట్టిన. ఇల్లంత కనవడ్డది.
ఏ అర్రల ఏమున్నదో, ఎవని సొమ్మో,
ఎవడు చదువొచ్చో, ఎవడు రాయొచ్చో,
ఎవడు గడప గూడ తొక్కరాదో.
నా పాస్‌పోర్టు యాదికొచ్చింది.
ఆఫీసు బీరువల ఉన్నది.
నాకు చదివే హక్కు గూడ లేదు.

గ్రెప్ అంటే ఏరుడు,
బీడీల కార్ఖానల చిల్లుల ఆకు పక్కకు తీసినట్టు.
టెయిల్ అంటే లాగు తోక పట్టుకొని కూసునుడు.
స్లీప్ అని ఒకటున్నది,
ఎన్ని సెకన్లో చెప్పకుంటే పండదు.

హూ అని కొడితే లోపల ఎవరెవరున్నరో చెప్తది.
పాత మిషను, పేరుకు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే జాగ.
మూడో గోదాముల పైపుల లెక్క రాసే నడిపి గంగారాంను కోసి
నడిపిగ అని పెట్టింది.
అది చూసి మేమిద్దరం ఎందుకు అంతగనం నవ్వినమో
ఇద్రీస్‌కు సమజ్ గాలే.
వాళ్ల వాడకట్టంత గట్లనే పిలుస్తది:
"నడిపిగా! ఓ నడిపిగా!"
సముద్రం దాటినంక
వాన్ని ఆ పేరుతోని పిలిచింది మిషనొక్కటే.

జూన్‌ల వాని పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ పడ్డది.
స్క్రీను మీద ఎగ్జిట్ కొట్టుడు మరిచిండు.
నడిపిగ, మూడో గోదాము, ఐడిల్ నలభై ఒక్క రోజులు.

ఆఫీసు నుంచి చిట్టి: పోయినోళ్ల పేర్లు తీసెయ్యి.
తియ్యబోయిన. మిషను ఒప్పుకోలే:
"యూజర్ నడిపిగ ఇప్పుడు వాడుకలో ఉన్నడు."
పీఎస్ కొట్టి చూస్తే
వాడు రాసిపెట్టి పోయిన నాలుగు వరుసల స్క్రిప్టు.
రాత్రి రెండింటికి లేసి పైపులు లెక్కవెట్టి మళ్లా పండుతున్నది.
నోహప్‌తోని నడిపిండు,
మనిషి పోయినా పని ఆగకుంట.

ఇద్రీస్ అన్నడు: "కిల్, మైనస్ తొమ్మిది.
అది అడుగది, చెప్పది, మూట గట్టుకోనియ్యది."
గంగన్నను పంపిందీ గట్లనే.
ఆ మాట నేను అనలే.

వేళ్లు కిల్ కొట్టలే, రైట్ కొట్టినయి.
ఒక స్క్రీను మీదికెల్లి ఇంకో స్క్రీనుకు మాట పంపేది.
చీకటి గోదాములకు, ఉత్త కుర్చీకి:
తిన్నవా
నడిపిగా

ఏసీ మోత. పావుగంట.
ఐడిల్ సున్నా అయింది.
"హూ నడిపిగ?"

లోక్ బహదూర్ అట, నేపాల్ పిలగాడు, కొత్తగ వచ్చిండు.
బీప్ చప్పుడుకు ఉలిక్కిపడి, కీల మీది దుమ్ము ఊది కొట్టిండు.
వానికింక లాగిన్ ఇయ్యలే,
అట్ట ముక్కల మీద రాస్తుండు లెక్కలు.
నాకొచ్చిన ఇంగ్లీషుల చెప్పిన:
ముగ్గురన్నదమ్ములల్ల నడిమిటోడు, మా దిక్కు గట్ల పిలుస్తరు.
శానసేపటికి ఒక్కొక్క అక్షరమే వచ్చింది:
నేను గూడ. ఇంట్ల నన్ను మాయిలా అంటరు.

ఆ రాత్రి నేను చేసినవన్ని లాగుల ఉన్నయి,
ఎవరన్న గ్రెప్ చేస్తే దొరుకుతయి.
కొత్త యూజర్, మాయిలా. కొయ్యకుంటనే ఒదిగింది.
ఒక చోన్, లెక్కల ఫైలు వాని చేతికి.
కిల్ గూడ కొట్టిన. మైనస్ తొమ్మిది కాదు,
పని సర్దుకొని పొమ్మని చెప్పే ఉత్త కిల్.
అదీ రెండు దాటినంక,
పైపులు నాలుగువేల నూట పన్నెండు అని తేలినంక.

ఒక్క ఫైలు మిగిలింది, గంగన్నది.
ఎల్ఎస్ కొడితే యజమాని జాగల పేరు లేదిప్పుడు,
వెయ్యి నలభై ఏడు అని నంబరే.
తెరిచి చూడలే.
దాన్ని చదివే హక్కు మాత్రం నాకున్నది.