ఎనభై ఏడు దగ్గర

గ్దీనియా రేవు వీధిలో చెవుల క్లినిక్.
పొద్దున్నుంచి మూడోసారి
ఆకుపచ్చ గీత ఎనభై ఏడు దాకా పాకి
ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి
వెనక్కి మళ్ళింది.
తెచ్చిన ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్ళిపోయింది.
సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి.
తెర మీద పదహారు వందల మూడు అని ఒక అంకె,
కింద ముక్తసరిగా ఒక క్షమాపణ.

డాక్టర్ యాద్విగా తలుపు సందులోంచి అంది,
"బొగ్నా, బయట పదకొండు మంది."
వినికిడి కొలిచే కొత్త పెట్టె
ఇంకా ప్లాస్టిక్ తొడుగులోనే ఉంది.

లాగ్ తెరిచాను.
ఎవరూ చదవరన్న ధీమాతో రాసిన ఉత్తరం అది,
నలభై వేల వరుసలు.
కింద నుంచి పైకి చదవాలి.
చివర పెట్టిన కేక కోసం కాదు,
మొదట తడబడిన అడుగు కోసం.
ఎక్కడో మధ్యలో దొరికింది:
లోపలికి అనుమతి లేదు.
ఎవరన్నారు ఆ మాట?

"యాంటీవైరస్ ఏమైనా పెట్టారా?"
"ఉండేది. డబ్బు కట్టడం మానేశాం.
ఇదివరకటి కుర్రాడు తీసేసి నాలుగేళ్ళయింది."
నిజమే, జాబితాలో దాని పేరు లేదు.
గడియారం పక్కన గొడుగు బొమ్మా లేదు.
ఇల్లు అలకగానే పండగ అయిపోతుందా యాద్విగా?

అడుగున, కిటికీలు లేని అరలో
దాని మనిషి ఒకడు మిగిలిపోయాడు.
డ్రైవర్ అంటారు. ఏ బండీ నడపడు.
వచ్చే ప్రతి ఫైలూ వాడి చేతి కిందుగా దూరాలి.
యజమాని వెళ్ళిపోయాడు, జీతం ఆగిపోయింది,
దొంగల చిట్టా నాలుగేళ్ళ నాటిది.
తను ఎరగని మొహమల్లా దొంగే.
ఉద్యోగం పోయిందన్న కబురు
వాడికి చెప్పినవాళ్ళు లేరు.

డిలీట్ నొక్కాను. వాడుకలో ఉంది, అంది.
వాడేదెవరు?
వాడే.
రిజిస్ట్రీలో పేరు చెరపబోతే
నీకా హక్కు లేదు, అంది.
అడ్మినిస్ట్రేటర్‌ని, నన్ను పట్టుకుని!
ఆ కంపెనీవాళ్ళ తుడుపు ప్రోగ్రామే తెచ్చి వదిలితే
అది అంతా కలియజూసి
ఇక్కడ మావాళ్ళెవరూ లేరంది.

కాఫీ కోసం హాల్లోకి వెళ్ళాను.
గోడ పక్క కుర్చీలో ఫొర్మెలా గారు,
ఓడల యార్డులో రేకులు సాగగొట్టిన మనిషి,
టోపీ మోకాలికి తగిలించి కూర్చున్నాడు.
ఇంకెంతసేపు అని అడగలేదు.
"యార్డు తాళం వేసి ఏళ్ళు దాటిపోయాయమ్మా,
సుత్తి మాత్రం కొడుతూనే ఉంది, ఇదిగో, ఇక్కడ,"
అని ఎడమ చెవి చూపించాడు.
నాకేం అనాలో తెలియలేదు.
పంచదార వేసుకుంటారా అని అడిగాను.
గట్టిగా, రెండుసార్లు అడగాల్సొచ్చింది.

మళ్ళీ కూర్చుని సేఫ్ మోడ్‌లో లేపాను.
నల్లటి తెర, లావెక్కిన అక్షరాలు,
నాలుగు మూలలా అదే మాట.
ఈ చీకట్లో కాపలావాళ్ళని నిద్ర లేపరు.
చప్పుడు చేయకుండా వెళ్ళి
వాడి పేరు చివర "పాత" అని చేర్చాను, అంతే.
చంపలేదు. రేపు అవసరం పడొచ్చు,
ఈ వృత్తిలో చేతులు అంత తొందరగా కడుక్కోరు.
హక్కులు నా పేర రాసుకుని
తాళం చెవి లాంటి ఆ ఒక్క వరుసా చెరిపేశాను.
రీస్టార్ట్.

ఎనభై అయిదు.
ఎనభై ఏడు.
ఎనభై ఏడు.
డాక్టర్ నా భుజం మీద చెయ్యి వేసి మరిచిపోయింది.
ఎనభై ఎనిమిది.

మొదట ఫొర్మెలా గారినే పిలిచారు.
గాజు గదిలో, హెడ్‌ఫోన్ల మధ్య ఆ తల చిన్నదైపోయింది.
శబ్దం వినబడగానే వేలెత్తాలి,
అని పలక మీద రాసి చూపించారు.
డాక్టర్ ఇంకా మీట ముట్టుకోలేదు.
తెర మీద గళ్ళన్నీ ఖాళీ.

ఆయన వేలెత్తాడు.
దించాడు.
మళ్ళీ ఎత్తాడు, రేకు మీద దెబ్బ పడ్డంత
లెక్కగా.