గట్టు మీది మనిషి

బర్న్‌లీలో వాన ఎప్పుడు మొదలైందో
ఎవరికీ గుర్తుండదు.
ఆ తడిలోంచి ఇంకో తడిలోకి
పొద్దున్న అయిదున్నరకి మేదినిని దింపి
నేను మేడెక్కి అద్దాల వెనక కూచునేదాన్ని.
బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
జుట్టులో ఇంకా అల్లం వాసన.

అద్దం ఇవతలికి చప్పుడు రాదు.
నీళ్లు మూగవి, ఈలలు మూగవి.
హెస్కెత్ గారి చేతులొక్కటే మాట్లాడేవి.
ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన చేతులు.
అరచెయ్యి బోర్లిస్తే పిల్లలు నెమ్మదించేవాళ్లు.
రెండు వేళ్లు చెవి దగ్గర పెడితే
నీళ్లలో మోచేతులు పైకి లేచేవి.
మిగతా సేపంతా ఆయన చేసేది
నిలబడటం.
మోకాలి నొప్పికి కాస్త ఓ పక్కకి వాలి,
చెమ్మకి ఉబ్బిన నోటుబుక్కులో
పెన్సిలు ముక్కతో ఏదో గీకడం.

గట్టు మీదున్నవాడికేం, ఎన్నయినా చెప్తాడు
అనేది మా మేనత్త, ఎవరు సలహా ఇచ్చినా.
ఈయన అది కూడా చెప్పడే!
నెలకి ముప్పై రెండు పౌండ్లు కట్టి
నేను అనుకున్నదిది.

ప్రెస్టన్ పోటీల్లో ఇంకో కోచ్‌ని చూశాను.
గొంతు చించుకునేవాడు,
టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు,
వాడి పిల్లల మెడల్లో పతకాలు గలగలలాడేవి.
మరుసటేడు ఆ పిల్లల్లో సగంమంది కనబడలేదు.
అది నేను లెక్కలో వేసుకోలేదు.
నా పిల్ల నాలుగో స్థానంలో వచ్చింది,
ఇంటిదాకా కారులో
వైపర్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

ఒక మంగళవారం
ఆయన తలెత్తి అద్దం వైపు చూశాడు.
ఒక్క వేలు ఆడించాడు, రమ్మని.

బూట్లు విప్పి దిగాను.
తలుపు తియ్యగానే
ఇన్నాళ్ల చప్పుడంతా ఒక్కసారి మీద పడింది.
నోటుబుక్కు తెరిచి చూపించాడు.
టైములుంటాయనుకున్నాను.
మేదిని పేజీలో రెండే రెండు బాణాలు.
పోయేటప్పుడు ఎడమకి ఊపిరి.
వచ్చేటప్పుడు కుడికి.

"మూడు వారాలు మురిసిపోయానమ్మా,
రెండు పక్కలా ఊపిరి ఎంత బాగా పట్టుబడిందో అని.
నిన్న తెలిసింది నా తెలివితక్కువ.
రెండు బాణాలూ పోయేది ఒక్క చోటికే."
పెన్సిలు మొన పైకి లేచి
మేడ మీది నా కుర్చీ దగ్గర ఆగింది.

గాలి కోసం కాదు, నా మొహం కోసం
తల తిప్పుతోంది పిల్ల.
ఊపిరి ఊపిరికీ ఒక ఉత్తరం,
అన్నీ నా పేరు మీదే.
నేనేం జవాబు రాస్తున్నానో
ఆ అద్దంలో నాకెప్పుడూ కనబడలేదు.

రేపట్నుంచి కారులోనే కూచుంటానన్నాను.
"అప్పుడు గోడలోంచి వెతుకుతుంది" అన్నాడు.
కాసేపు ఏమీ అనలేదు. తర్వాత
చాలా మామూలుగా, ధర చెప్తున్నట్టు:
"గురువారం పెద్దవాళ్ల క్లాసుంది. చిన్న కొలను.
నడుం లోతే."

నలభై నాలుగేళ్లకి
నడుం లోతు సముద్రమంత.
కాలి కింద పలకలు జారుతాయి,
గుండె చెవుల్లోకి వచ్చి కూచుంటుంది.
ఇనప పట్టీ పట్టుకుని నేను,
నొప్పి మోకాలు వంచి
గట్టు మీద నా మొహం ఎత్తుకి దిగి ఆయన.
"ముందు వదలండి.
పీల్చడం ఎవరూ నేర్పక్కర్లేదు,
వదలడమే."
నీళ్లలోకి బుడగలు వదిలాను.
దగ్గొచ్చింది. నవ్వలేదాయన.
నోటుబుక్కులో నాకూ ఒక పేజీ తీశాడు.

మేదిని ఇప్పటికీ నాలుగో స్థానమే.
మొన్నోసారి అయిదు కూడా.
కారులో తనే చెప్పింది, మూడో మలుపు దగ్గర
గోడని ఎలా తన్నిందో, ఆ తన్ను ఎంత బాగా కుదిరిందో,
ట్రాఫిక్ లైటు పచ్చబడినా వినిపించుకోకుండా.

ఇవాళ గురువారం.
పెద్ద కొలనులో ఎర్రటోపీ ఒకటి
అవతలి గోడ దాకా పోయి తిరిగొచ్చింది.
ఇటు చూడలేదు.
మంచిదే.
ఇటు నేను
నాలుగు వేళ్లు వదిలాను పట్టీ మీంచి.
బొటనవేలు ఇంకా ఉంది.
ఆయన అటు తిరిగి
ఎవరి టైమో రాసుకుంటున్నాడు,
చూడనట్టు.