ప్రక్కతల వైశాల్యం

దొరస్వామి సారు లెక్కల్లో
వ్యాసార్థం ఎప్పుడూ ఏడే.
కాదంటే పద్నాలుగు, మరీ కోపమొస్తే మూడున్నర.
ఇరవైరెండు బై ఏడులో కింది ఏడు
పై ఏడుతో కొట్టుకుపోయి
బోర్డు తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది.

గుడిపాల హైస్కూలు, తొమ్మిదో తరగతి,
కిటికీ పక్క రెండో బెంచీ.
బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా బారులు తీరి
రెండ్రోజులుగా కదల్లేదు.
వాటి వాసన మాత్రం లోపలికొచ్చి కూచునింది
పేరు పిలవని పిల్ల మాదిరి.

“స్థూపమంటే యామి?” అన్నారు సారు.
ఎవరూ పలకలేదు.
“మాయమ్మ లేబుల్ అతికించేది, సార్” అన్నాను నేను.
వెనక బెంచీల నవ్వు గోడలకు తగిలి తిరిగొచ్చింది.
సారు నవ్వలేదు.
“రేపొకటి తీసకరా.”

అమ్మ సొట్టబోయిన టిన్ను తెచ్చింది.
దొంగతనంగా కాదు, అడిగే.
సొట్టవి ఎట్లాగూ ఓడ ఎక్కవంట.

సారు బ్లేడుతో లేబుల్‌ని నిలువునా కోసి
అరటిబోదె పట్ట ఒలిచినట్టు మెల్లగా ఒలిచి
బల్లమీద పరిచారు.
గుండ్రనిది కాస్తా దీర్ఘచతురస్రం.
ఒక అంచు టిన్ను ఎత్తు,
ఇంకో అంచు చుట్టూ తిరిగొచ్చిన దారి.
రెండు పై ఆర్ హెచ్.
అన్నాళ్ళూ బట్టీ పట్టిన ఆ మాటకి
వెనకవైపు జిగురుంటుందని అప్పుడే తెలిసింది.

స్కేలు పెట్టి కొలిస్తే
వ్యాసార్థం ఏడు పాయింట్ ఎనిమిది.
ఏడుతో పోలేదు.
“ఇంగ చావండి” అన్నాడు వెనక నుంచి చెంగల్రాయుడు.
ఎత్తు పదిహేడున్నర.
అక్కడ దాక్కోనుంది మా ఏడు, రెండున్నర సార్లు!
ఎనిమిదివందల యాభై ఎనిమిది చదరపు సెంటీమీటర్లు.

ఆ రాత్రి కరెంటు పోయేలోగా
ఇంకొంచెం లెక్క చేశాను.
అమ్మ షిఫ్టుకి పన్నెండు వందల టిన్నులు.
అంటే నూటమూడు చదరపు మీటర్ల కాగితం.
మా ఇల్లు ఒక దీర్ఘఘనం:
నాలుగు గోడలు, గచ్చు, కప్పు అంతా కలిపి అరవైరెండు.
“రోజూ మనింటిని ఒకటిన్నరసారి
పైనుంచి కింది దాకా అతికిస్తావుమా” అన్నాను.
అమ్మ వేళ్ళకెండిన జిగురు గిల్లుకుంటా
“కిటికీ తీసేసినావా లెక్కలో?” అనింది.
తీసేయలేదు.

సంగటి గిన్నెలో మిగిలింది ఒక్క ముద్ద.
తడిచేత్తో దాన్ని రెండు చేసి
తమ్ముడికొకటి, నాకొకటి వేసింది.
ఘనపరిమాణం అంతే.
ఉపరితలం మాత్రం పెరిగింది, వందకి ఇరవయ్యారు,
ఊరిబిండి అంటుకునే చోటు.

ఈ లెక్క అమ్మకి చెప్పలేదు.
ఆమె అప్పటికే గిన్నె కడుగుతా ఉంది,
లోపలొకసారి, బయటొకసారి.