మ్యాచింగ్

ఫహాహీల్లో మా కొట్టు ఇరుకు.
గోడ పొడుగునా దారపు కండెలు,
ఒక్క పచ్చలోనే నలభై రకాలు.
గుడ్డముక్క చేతికిస్తే చాలు,
కండె ఎక్కడుందో నా వేలికి తెలుసు.

అట్లాంటి నేను
రోజూ తెల్లారి అయిదున్నరకి
బాత్రూం గడప దగ్గర గొంతుక్కూచుని
వేడినీళ్ళతో కడిగిన జామ్ సీసాలో
పిల్లోడి తొలి ఒంటేలు పట్టి
సన్నటి పట్టీ ముంచి
అరవై లెక్కపెడతాను.

అక్టోబరులో జునైద్ కాళ్ళనిండా
నేరేడుపళ్ళు చిదిమినట్టు మచ్చలు.
చీలమండలు వాచి, పొట్ట పట్టుకుని
మూడు రాత్రులు ముడుచుకుపోయాడు.
మచ్చలు పోయాయి. నొప్పీ పోయింది.
బడికి పోతున్నాడు, బంతి తంతున్నాడు.

"కిడ్నీ మాత్రం చెప్పదు" అంది డాక్టర్ హనాన్.
ఆమె అరబ్బీని నర్సు హిందీ చేస్తే
నేను తెలుగు చేసుకున్నా:
అడగనిదే అమ్మయినా పెట్టదంటారే,
ఇది అడగదు.
మనమే పోయి చూడాలి, ఆర్నెల్లు.

సీసా మీద రంగుల వరస.
నిమ్మపసుపయితే ఏమీ లేదు.
పెసరపొట్టు వైపు తిరిగితే ప్రోటీను జారుతున్నట్టు.
పక్కగడిలో చుక్కలు పొడిస్తే నెత్తురు.
జామ్ సీసాలో చూడబోతే తేట నీళ్ళే!
కంటికి దొరకని ఎరుపు
పచ్చగా బయటపడడం
నా కండెల్లో ఎక్కడా లేని లెక్క.

పందొమ్మిదో వారం తూజ్ లేచింది.
దుమ్ముకి కిటికీ అంతా పసుపుకొమ్ము.
మా రాయచోటి అవ్వకి పసుపూ పచ్చే, ఆకూ పచ్చే,
ఆ పొద్దు నాకూ అంతే.
పట్టీదా ఈ పచ్చ, గాలిదా?

సీసాకి మూత బిగించి, ముక్కుకి చున్నీ చుట్టి
కొట్టుకి నడిచాను.
పెళ్ళి జాకెట్లకి దారం కలిపే
తెల్ల ట్యూబులైటు కింద
కొత్త పట్టీ. మళ్ళీ అరవై.
నలభై దగ్గర లెక్క తప్పి
గోడ గడియారం పట్టుకున్నా.

పెసరపొట్టే.
పక్కగడిలో మూడు చుక్కలు.

సోమవారం రమ్మన్నారు. పెద్ద ల్యాబులో
అంకె తేలుతుందట.
ఒక్క పట్టీకే బెదరొద్దంది నర్సు, ఫోన్లో.
"నేను పాసా, ఫెయిలా?" అన్నాడు జునైద్.
"ఇంకా పేపరు దిద్దుతున్నారు నాయనా."

సాయంత్రం ఎవరో అమ్మాయి
లంగా అంచు ముక్క తెచ్చింది.
వేలు నేరుగా
ఆ కండె మీదికే పోయి ఆగింది.

"ఈ రంగు లేదమ్మా" అన్నాను,
చేత్తో దాన్ని మూసి.